ఉచిత అక్షరాలు

“గుసగుసలు కూడా వద్దమ్మా,” అన్నాడు గొంతు డాక్టరు. “ఒక్కోసారి అరుపుల కంటే వాటితోనే గొంతుకి ఎక్కువ దెబ్బ.”

ఆయన బల్ల మీది తెరలో నా గొంతు లోపలి బొమ్మ ఉంది. తడిగా మెరుస్తున్న రెండు తెల్లటి మడతలు, వాటి అంచుల్లో ఎదురెదురుగా చిన్న కాయలు. ఇన్నేళ్ళూ నేను మాట్లాడిందంతా గాలిలో కలిసిపోయిందనుకున్నాను. కలవలేదు. అక్కడ గట్టిపడి కూర్చుంది.

“ఈ వానలు తగ్గేదాకా నోరు విప్పకండి. అప్పటికీ కరగకపోతే కోయాలి. కోశాక ఇదే గొంతు ఉంటుందని నేను మాట ఇవ్వలేను.”

నేను ఏదో అనబోయాను. డాక్టరు చిన్నపిల్లకి చెప్పినట్టు వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

“బడి సంగతి అడుగుతోంది,” అన్నాడు పక్క కుర్చీలో ఉన్న మా ఆయన.

తిరిగి ఆయన వంక చూశాను. మామూలుగా ఎక్కడికి వెళ్ళినా ఆయన తరఫున మాట్లాడేది నేను. బట్టల కొట్లో ఆయన కొలతలు నేనే చెబుతాను. వాళ్ళక్క ఫోను చేస్తే ఆయన ఎలా ఉన్నాడో నేనే చెబుతాను. తను ఎలా ఉన్నాడో తనకీ అప్పుడే తెలుస్తున్నట్టు ఆయన పక్కన కూర్చుని తల ఊపుతాడు. ఆ రోజు ఆయన గొంతు నాకు కొంచెం కొత్తగా వినిపించింది. మన ఇంట్లోనే ఎప్పుడూ తెరవని అలమరా తలుపు చప్పుడులాగా.

మర్నాడు బడిలో పెద్ద మేడం నా చీటీ చదివి కళ్ళజోడు తీసింది.

“మాట్లాడకుండా సైన్సు ఎలా చెబుతావు? ఆరో తరగతికి! వాళ్ళు నోరున్న టీచర్లనే లెక్కచెయ్యరు.”

నేను రాసి చూపించాను: కంప్యూటరు ఉంది, చూడండి.

“సరే. కానీ పిల్లలు నెత్తికెక్కితే మాత్రం క్లాసు ఇంకొకరికి ఇచ్చేస్తాను. ఇచ్చాక మళ్ళీ నీకు ఇవ్వమంటే నా చేతుల్లో ఉండదు. ఆ తర్వాత నువ్వు ఆఫీసు గదిలో హాజరుపట్టీలు చూసుకోవాల్సిందే.”

అలా ఆ వానాకాలం మొదలైంది.

సైన్సు గది వరండా చివర ఉండేది. గోడకి చెమ్మ ఎక్కి, ఒక మూల పెద్ద మచ్చ పాకింది. ఆ గోడ మీదే ప్రొజెక్టరు వెలుగు పడేది. ఇంటర్నెట్‌లో ఆకాశాన్ని చూపించే సైటు ఒకటి ఉంది, ఎవరైనా వాడుకోవచ్చు. మనం ఉన్న చోటు, సమయం చెబితే ఆ క్షణాన మన నెత్తిమీద ఏ చుక్కలు ఉన్నాయో చూపిస్తుంది. కర్టెన్లు లాగి దాన్ని పెట్టాను. బయట పట్టపగలు, ఎడతెగని వాన. లోపల నల్లటి ఆకాశం, దాని నిండా చుక్కలు. చెమ్మ మచ్చ ఉన్నచోట చుక్కలు కొంచెం పాలలో ముంచినట్టు కనిపించేవి.

పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు.

అప్పుడు కీబోర్డు మీద టైపు చేసి మీట నొక్కాను. ఇంకో సైటు నేను రాసింది పైకి చదివింది. ఆడగొంతే, తీరికైన గొంతు. కోపం లేదు, తొందర లేదు. “ఇవి ఇప్పుడు మన పైన ఉన్న చుక్కలు. మబ్బుల వెనకాల, ఎండ వెనకాల ఉన్నాయి.”

“ఎవరు టీచర్ ఆవిడ?” అంది ముందు బెంచీ పిల్ల. ప్రతిదానికీ వాదన పెట్టుకుంటుందని అందరూ దాన్ని లాయరు అంటారు.

నేను భుజాలు ఎగరేశాను.

“మీ చెల్లెలా? అయితే మాకు పిన్ని అవుతుంది.”

గది ఘొల్లుమంది. ఆ రోజు నుంచి ఆ గొంతు పిన్ని అయిపోయింది.

పిన్నితో ఒక చిక్కు ఉంది. ఉచితం కాబట్టి రోజుకి ఇన్ని అక్షరాలని లెక్క. అవి అయిపోతే మర్నాటిదాకా నోరు మెదపదు. అందుకని నేను పొదుపుగా మాట్లాడడం నేర్చుకున్నాను. ఇదివరకు ఒక సంగతి చెప్పి, దాన్నే తిప్పి చెప్పి, మళ్ళీ ఎందుకైనా మంచిదని ఇంకోసారి చెప్పేదాన్ని. ఇప్పుడు ఒక్క వాక్యం. ఆ తర్వాత ఒక ప్రశ్న. ప్రశ్నకి జవాబులు రాయడానికి మరో సైటు పెట్టాను. దాన్ని గోడ అనేవాళ్ళం. పిల్లలు బడి ట్యాబుల్లో ఒక్కో ముక్క రాస్తే అవి రంగు చీటీల్లాగా ఆకాశం పక్కన వచ్చి అతుక్కునేవి. ఎవరిది ఏదో తెలియదు, పేర్లు ఉండవు. పిన్ని అడిగితే గోడ మీద రాయాలి. ఎవరూ పెట్టకుండానే అదొక చట్టమైపోయింది.

ఇంకో సంగతి గమనించాను. ఎవరైనా ఏదైనా అడిగితే నేను టైపు చెయ్యడానికి కాసేపు పడుతుంది కదా, ఆ కాసేపట్లో వాళ్ళలో వాళ్ళే జవాబు చెప్పుకునేవాళ్ళు. చాలాసార్లు నేను రాసినదాన్ని చెరిపేసుకోవలసి వచ్చేది. నాకు అది బాగుండేది. ఎందుకో కొంచెం భయంగానూ ఉండేది. నేను లేకపోయినా పాఠం నడుస్తోంది. మరి ఇన్నాళ్ళూ ఆ గదిలో నేను ఉండి చేసిందేమిటి?

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. సాయంత్రం గ్రీజు వాసనతో వచ్చి, చేతులు కడుక్కుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటాడు. మొదటి రోజుల్లో బడి నుంచి మిగుల్చుకొచ్చిన అక్షరాలన్నీ నేను ఇంట్లో ఇలా ఖర్చుపెట్టేదాన్ని: కిటికీ మూసెయ్, జల్లు కొడుతోంది. తడి చెప్పులు బయట విడువు. కరెంటు బిల్లు కట్టావా?

“మరదలు కూడా అచ్చం అక్కలాగే ఉందే,” అన్నాడు ఆయన. “ఉచితంగా వచ్చిందని సంబరపడ్డాను.”

నాకు నవ్వొచ్చింది. నవ్వు కూడా చప్పుడు లేకుండానే నవ్వాలి. భుజాలు మాత్రం ఊగాయి.

కానీ ఆ ఒక్క హాస్యం తర్వాత ఆయన మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. వాన చూస్తున్నాడో, అద్దం చూస్తున్నాడో తెలియదు. ఆయన అలా కూర్చోవడం కొత్తేమీ కాదు. కొత్తదల్లా ఏమిటంటే, ఇదివరకు ఆ నిశ్శబ్దం మీద నేను ఏదో ఒకటి పరిచేదాన్ని, బల్ల మీద గుడ్డ పరిచినట్టు. ఇప్పుడు గుడ్డ లేదు. బల్ల చెక్క కనిపిస్తోంది. దాని గీతలన్నీ కనిపిస్తున్నాయి.

చూడగా చూడగా నా లోపల ఒక మాట తిరగడం మొదలుపెట్టింది. నోటికి దారి లేని మాటలు లోపల చచ్చిపోవు. చేపల్లాగా అటూ ఇటూ ఈదుతూ ఉంటాయి. ఒక సాయంత్రం, ఆయన చేతిలో టీ కప్పు చల్లారిపోతూ ఉండగా, రోజూ బడికి తీసుకెళ్ళే లాప్‌టాప్ దగ్గరికి తీసుకుని గబగబా టైపు చేశాను:

నువ్వు ఇంట్లో ఉన్నా లేనట్టే ఎందుకుంటావు?

మీట నొక్కాను. పిన్ని పలకలేదు. కింద సన్నటి ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఈ రోజుకి మీ ఉచిత అక్షరాలు అయిపోయాయి. రేపు మళ్ళీ ప్రయత్నించండి.

“ఏమంటోంది మరదలు?” అన్నాడు ఆయన.

చెయ్యి అడ్డంగా ఊపి మూత మూసేశాను. నిజం చెప్పాలంటే ఊపిరి పీల్చుకున్నాను. పక్కింటి తలుపు కొట్టి, ఎవరూ తియ్యకపోతే వెనక్కి వచ్చేవాళ్ళకి ఉండే తేలికదనం అది.

మర్నాడు పొద్దున్న వాన మరీ జోరుగా ఉంది. కర్టెన్లు లాగాను. ఆకాశం పెట్టాను. గోడ తెరిచాను. ఆ రోజు పాఠం వెలుగు గురించి. ముందుగా టైపు చేసి పెట్టుకుందామని కూర్చునేలోపే లాయరు పిల్ల, “టీచర్, పిన్నిని పిలవండి,” అంది. వెనక బెంచీలవాళ్ళు కూడా, “పిన్ని, పిన్ని,” అని బల్లలు తట్టారు. అల్లరి వరండాలోకి పోతుందేమోనని నేను కంగారుగా మీట నొక్కేశాను.

పిన్నికి కొత్త రోజు అక్షరాలు వచ్చాయి. నిన్నటి ప్రశ్న పెట్టెలో అలాగే ఉంది.

“నువ్వు ఇంట్లో ఉన్నా లేనట్టే ఎందుకుంటావు?” అంది పిన్ని, చుక్కల మధ్య నుంచి, ఎప్పటిలాగే తీరిగ్గా.

బల్లల చప్పుడు ఆగిపోయింది.

ఆ క్షణంలో నాకు గొంతు ఉండి ఉంటే ఏం చేసేదాన్నో నాకు బాగా తెలుసు. “అబ్బే, అది కాదు, పొరపాటున వచ్చింది,” అని ఒక నవ్వు నవ్వి, వెలుగు గురించి గడగడా మొదలుపెట్టేదాన్ని. నా చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి. ఒక్క అక్షరం కూడా దొరకలేదు. తల వంచుకుని కూర్చున్నాను. ప్రొజెక్టరు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. బయట వాన.

అప్పుడు ట్యాబుల మీద వేళ్ళు కదులుతున్న చప్పుడు వినిపించింది.

పిన్ని అడిగింది. గోడ మీద రాయాలి. అంతే.

తల ఎత్తేసరికి మొదటి చీటీ వచ్చి ఉంది. పసుపు రంగుది: ఎవరూ పిలవరు గనక. దాని కింద ఇంకొకటి: నేను లోపల ఆట ఆడుకుంటూ ఉంటాను. బయటికి కనపడదు. ఇంకొకటి: మా నాన్న అలాగే ఉంటాడు. అమ్మ ఆయనకి చెవుడు అంటుంది. కానీ చాక్లెట్ కాగితం చప్పుడు వినిపిస్తుంది. ఎవరో కిసుక్కుమన్నారు. మరికొన్ని చీటీలు: ఉంటే పని చెబుతారు. భయమేస్తే కదలకుండా ఉంటాను. నేను ఉన్నాను, మీరే చూడరు.

చీటీలు ఒకదాని మీద ఒకటి వస్తూనే ఉన్నాయి. చుక్కలు కప్పుకుపోతున్నాయి.

చివరగా ఒక నీలం చీటీ వచ్చింది. అక్షరాలు నెమ్మదిగా, ఒక్కొక్కటే పడ్డాయి. ఎవరో రాస్తూ ఆలోచిస్తున్నట్టు.

నేను మాట మొదలుపెడతాను. సగంలో ఆగుతాను. మిగతా సగం అమ్మ చెప్పేస్తుంది. అది నేను చెప్పాలనుకున్నది కాదు. అయినా బాగుంటుంది. అందుకని ఊరుకుంటాను.

అప్పుడే తలుపు తెరుచుకుంది. వరండా వెలుతురుతోపాటు పెద్ద మేడం.

“ఏమిటి, క్లాసు ఇంత నిశ్శబ్దంగా ఉంది? అందరూ ఉన్నారా, పారిపోయారా?”

 గోడ మీద ఆ ప్రశ్న లేదు, జవాబులే ఉన్నాయి. అయినా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంటే చదవగలదు. చదివితే ఏమిటిదంటుంది. చెప్పడానికి నాకు గొంతు లేదు.

లాయరు పిల్ల లేచి నిలబడింది. “ప్రశ్న ఇచ్చారండీ. జవాబులు రాస్తున్నాం.”

“ఏం ప్రశ్న?”

“కష్టమైనదండీ. ఇంకా ఎవరికీ పూర్తిగా రాలేదు.”

పెద్ద మేడం గది చివరిదాకా ఒకసారి చూసింది. తలలన్నీ వంగి ఉన్నాయి. “సరే, కానివ్వండి,” అని తలుపు మెల్లిగా, చాలా మెల్లిగా, నిద్రపోయేవాళ్ళ గది తలుపులాగా దగ్గరికి లాగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నా క్లాసు ఇంకొకరికి ఇచ్చే మాట ఆవిడ ఎత్తలేదు.

పిల్లలు ఎవరూ నన్నేమీ అడగలేదు. నేను వెలుగు గురించి టైపు చేశాను. పిన్ని చెప్పింది. బయటికి వెళ్ళేటప్పుడు మాత్రం లాయరు పిల్ల నా బల్ల దగ్గర ఆగి, తన కంపాస్ పెట్టెలోంచి ఒక పిప్పరమెంటు తీసి, పుస్తకం పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు పోయింది.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో నేను ఒక పని మొదలుపెట్టాను. ఆయన మాట మొదలుపెట్టి ఆగితే, ఆగిన చోటే నేనూ ఆగడం. చెప్పినంత తేలిక కాదది. గొంతు మూగబోయినా లోపలి మనిషి మూగబోదు. ఆయన, “ఇవాళ ఆ పాత భవనంలో…” అనగానే నా లోపల పది వాక్యాలు లేచి నిలబడేవి. లిఫ్టు ఆగిందా, ఎవరైనా ఇరుక్కున్నారా, భోజనం చేశావా లేదా. వాటిని ఒక్కొక్కటే కూర్చోబెట్టేదాన్ని, క్లాసులోలాగా.

మొదట్లో ఆయన ఆగిన చోటే ఉండిపోయేవాడు. నా ముఖం చూసేవాడు. మిగతా సగం నా దగ్గర నుంచి రావాలి కదా అన్నట్టు. రాకపోయేసరికి కాసేపటికి తనే వెతుక్కునేవాడు.

“ఆ పాత భవనంలో… ఒక ముసలావిడ ఉంది. ఊరికే లిఫ్టులో పైకీ కిందికీ తిరుగుతుంది. ఎందుకమ్మా అంటే, ఎవరో ఒకరు ఎక్కుతారు కదా నాయనా, రెండు మాటలు మాట్లాడొచ్చు అంటుంది.”

ఇంకో రోజు: “లిఫ్టు ఆగి ఉన్నప్పుడు కూడా చప్పుడు చేస్తుంది తెలుసా? తాళ్ళు సర్దుకుంటాయి. నిద్రలో మనం పక్కకి తిరిగినట్టు.”

ఆయన ఇలాంటివి చెప్పగలడని నాకు తెలియదు. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం. కిటికీ అద్దం మీద నీళ్ళు జారుతుంటే, గదిలో దీపం వెలుగు ఆ నీళ్ళలో వణుకుతుంటే, ఎవరో కొత్త మనిషి మా ఆయన చొక్కా వేసుకుని కూర్చుని మాట్లాడుతున్నట్టుండేది. బడిలో నేను మబ్బుల వెనకాల ఆకాశం చూపించి ఇంటికి వచ్చేదాన్ని. ఇక్కడ ఆ కుర్చీలో ఇంకో ఆకాశం.

వానలు కాస్త పలచబడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఆయన చేతులు కడుక్కుని చాలాసేపు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

“నీకు ఒకటి చెప్పాలి. ఎత్తు భవనాల్లో లిఫ్టు పెట్టె నెత్తి మీద నిలబడి పని చెయ్యాలి మేము. కింద అంతా చీకటి గొయ్యి. నేను రోజూ చూసేదే. మొన్న ఎండాకాలంలో ఒకరోజు…” ఆగాడు. నేనూ ఆగాను. “ఒకరోజు నేను దాన్ని చూడ్డం కాదు, అది నన్ను చూసింది. అప్పట్నుంచి పైన నిలబడితే కాళ్ళు నావి కావు. తోటివాడు కనిపెట్టాడు. పై పని తను చేసి కింద పని నాకు వదులుతున్నాడు. ఎన్నాళ్ళు చేస్తాడు పాపం? రేపొకరోజు వాడు లేనప్పుడు నేను పైకెక్కితే… నువ్వు…”

ఆ వాక్యం చివర నాకు కనిపించింది.  నా గొంతులో మాటలన్నీ ఒక్కసారిగా ఎగబడ్డాయి. ఎప్పట్నుంచి? నాతో చెప్పలేదేం? మానెయ్ ఆ ఉద్యోగం. రేపే వెళ్ళి మీ మేనేజరుతో నేనే మాట్లాడతాను.

లాప్‌టాప్ లాక్కుని తెరిచాను. ఎర్ర అక్షరాలు. ఈ రోజుకి అయిపోయాయి.

తెర వెలుగులో నా చేతులు ఊరికే ఉండిపోయాయి. ఆయన చూశాడు. చిన్నగా నవ్వాడు.

“పోనీలే. మరదలు కూడా పడుకుంది. నేనే చెబుతా. మేనేజరుతో నేనే మాట్లాడాలి. కింద వర్క్‌షాపులో మోటార్లు విప్పి బిగించే పని అడగాలి. ఎలా మొదలుపెట్టాలో ఇంకా కుదరట్లేదు.”

ఆ వారమంతా ఆయన ఆ మాటలు నా ముందు చెప్పి చూసుకున్నాడు. నేను మేనేజరునై కుర్చీలో కూర్చున్నాను. మొహం గంటు పెట్టుకోమంటే పెట్టుకున్నాను.

మళ్ళీ డాక్టరు దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్ళిన రోజు వాన లేదు. తెరలో మడతల అంచులు నున్నగా ఉన్నాయి. “కరిగిపోయాయి! ఇక మెల్లిగా మొదలుపెట్టండి. ఏదీ, ఒక మాట అనండి,” అన్నాడు డాక్టరు.

“నీళ్ళు,” అన్నాను. ఎందుకు ఆ మాటే వచ్చిందో తెలియదు. నా గొంతు నాకే దూరంగా, పక్క గదిలో ఎవరో అన్నట్టు వినిపించింది.

దారంతా మొదటి మాట ఏమనాలో ఆలోచించుకుంటూ ఇంటికి వచ్చాను. తలుపు ఆయనే తీశాడు. ముఖం వెలిగిపోతోంది.

“చెప్పేశా!” అన్నాడు. “మేనేజరుకి చెప్పేశా. ముందు కూర్చో, మొదట్నుంచి చెబుతాను. నేను వెళ్ళేసరికి ఆయన…”

కూర్చున్నాను. ఆయన మొదట్నుంచి చెప్పాడు. వర్క్‌షాపు పని ఇస్తామన్నారట. జీతం కొంచెం తగ్గుతుందట. మధ్యలో నా మాట చెప్పడానికి ఒక్క సందు కూడా దొరకలేదు. నిజానికి దొరికింది. ఒకటి కాదు, నాలుగైదు. నేను వాటిలోంచి దాటుకుంటూ వెళ్ళిపోయాను.

మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడూ చెప్పలేదు. బడిలో మాత్రం, “కూర్చోండి,” అన్నాను. పిల్లలు ఉలిక్కిపడ్డారు. “గొంతు వచ్చేసిందా? మరి పిన్ని?” అంది లాయరు పిల్ల, ఊరు వదిలి వెళ్ళిపోయేవాళ్ళ గురించి అడిగినట్టు. పిన్ని ఎక్కడికీ పోదని చెప్పాను. ఇంట్లో మాత్రం లాప్‌టాప్ తెరిచి, ఎప్పటిలాగే ఒకటో రెండో వాక్యాలు టైపు చేసేదాన్ని. దొంగతనంలా ఉండేది. కానీ ఏది దొంగిలిస్తున్నానో తెలిసేది కాదు. నా గొంతు ఇంట్లోకి వస్తే ఆయన గొంతు ఏ తలుపులోంచి వెళ్ళిపోతుందోనని, రెండింటి మధ్యా నేను కాపలా కూర్చున్నాను.

ఒక సాయంత్రం ఇద్దరం ఆరిన బట్టలు మడత పెడుతున్నాం. కిటికీ బార్లా తెరిచి ఉంది. చాలా రోజుల తర్వాత ఎండ బట్టల్లోకి వచ్చింది, వాసన తెలుస్తోంది. పిన్ని చేత అడిగించాను. “కొత్త పని ఎలా ఉంది?”

ఆయన చొక్కా చేతులు వెనక్కి మడిచి, దాన్ని దొంతరలో పెట్టి, అరచేత్తో నొక్కాడు.

“గొంతు వచ్చిందిగా,” అన్నాడు.

నేను మడిచిన తువ్వాలు విప్పి మళ్ళీ మొదట్నుంచి మడవబోయాను.

“స్నానాలగదిలో పాడుతున్నావు. పంపు తిప్పి మరీ పాడుతున్నావు. మోటార్ల మధ్య బతికేవాణ్ణి, నాకు తెలియకుండా ఉంటుందా?”

 నోరు తెరిచాను. ఆయన చెయ్యి ఎత్తాడు, ఆ రోజు డాక్టరు ఎత్తినట్టే, కానీ వేలు పెదాల దాకా వెళ్ళలేదు. మధ్యలోనే ఆగింది.

“నువ్వు మాట్లాడుతుంటే ఇంట్లో లైటు వేసి ఉన్నట్టుండేది,” అన్నాడు. “వెలుగుతూనే ఉంది కదా, నేను లేచి ఇంకోటి వెయ్యడమెందుకు అనుకునేవాణ్ణి. నీ తప్పేం లేదు.” ఇంకో చొక్కా అందుకున్నాడు. దాని గుండీలు పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. “ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటావా? నాకింకా కొంచెం మిగిలి ఉంది.”

నేను లాప్‌టాప్ మూత మూసేశాను. ఆ రోజు అక్షరాలు చాలా మిగిలి ఉన్నాయి.

దొంతరలోంచి నా వైపు ఒక దుప్పటి కొస అందించాడు. రెండో కొస తను పట్టుకున్నాడు. ఇద్దరం వెనక్కి జరిగి దాన్ని చాపాం.

“చిన్నప్పుడు నేను…” అని ఆగాడు.

నేను కొస పట్టుకుని నిలబడ్డాను.